వాక్శ్రవణ శాస్త్ర చరిత్రయు, మన ఇంటి తెలుగును

మనుష్యుని తక్కిన ప్రాణికోటినుండి వేఱుపఱచు లక్షణములలో మాట ప్రధానమైనది. ఆ మాట పుట్టుటకు నాలుకయు, పెదవులును, కంఠమును మాత్రమే చాలవు. దానికి ముందు చెవి కావలయును. చెవికిని నాలుకకును నడుమ మెదడు కావలయును. ఈ మూడింటికిని ఆధారముగా బిడ్డతో మాటాడు తల్లియు, ఇల్లును, ఇరుగుపొరుగును కావలయును. వీనిలో ఏ యొక్కటి లోపించినను మాట కుంటుపడును. ఈ సంగతి నేడు మనకు సామాన్యముగా తోచును గాని, దీనిని తెలిసికొనుటకు మానవజాతికి చాల శతాబ్దములు పట్టినది. ఆ చరిత్రను సంగ్రహముగా చెప్పి, తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములు దానివలన తెలిసికొనదగినదేమో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ప్రాచీనుల కృషి

మన దేశమున శబ్దవిచారము అతిప్రాచీనము. వేదమంత్రములు ఒక్క స్వరమైనను చెడకుండ తరువాతి తరములకు అందవలయునను పట్టుదలనుండి శిక్షాగ్రంథములును ప్రాతిశాఖ్యములును పుట్టినవి. ఏ వర్ణము నోటిలో ఏ స్థానమున, ఏ ప్రయత్నముచేత పుట్టునో అవి నిర్ణయించినవి. మన పిల్లలు నేటికిని వల్లించు క, చ, ట, త, ప వర్గముల క్రమము ఆ విచారమునకు ఫలమే. కంఠమునుండి బయలుదేరి, తాలువును, మూర్ధమును, దంతములను దాటి పెదవులవఱకు వచ్చు క్రమమది. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా పండితులు ధ్వనిశాస్త్రమును నిర్మించుకొనునప్పుడు ఈ విభాగమునుండి చాల నేర్చికొనిరి. తెలుగు వైయాకరణులును తమ భాషకు ప్రత్యేకములైన ధ్వనులను ఉపేక్షింపలేదు. దంత్యములైన చకార జకారములకును, తాలవ్యములైన చకార జకారములకును గల భేదమును చిన్నయసూరి బాలవ్యాకరణమున నిరూపించియున్నాడు.

వైద్యులును ఊరకుండలేదు. సుశ్రుతసంహిత చెవికి వచ్చు వ్యాధులను 28గా లెక్కించి, అందు బాధిర్యమును, అనగా చెవుడును, చేర్చినది. మాటకు సంబంధించిన దోషములను మూకత్వము, మిన్మినత్వము, గద్గదత్వము అని మూడు విధములుగా చెప్పి, కఫముతో కూడిన వాయువు శబ్దవాహినులైన ధమనులను కప్పుట అందులకు కారణమని ఊహించినది. ఆ కారణము నేటి శాస్త్రమునకు సరిపడకపోవచ్చును గాని, మూగతనము, ముక్కుమాట, తడబాటు అనునవి ఒకటి కాదని గుర్తించుట అల్పవిషయము కాదు.

అయితే వర్ణములను విచారించిన శిక్షాకారుల మార్గము వేఱు, రోగులను చూచిన వైద్యుల మార్గము వేఱు. ఈ రెండు పాయలును ఒక శాస్త్రముగా కలియలేదు. ఇండ్లలో మాత్రము, బిడ్డకు మాట రాకున్న వసకొమ్ము అరగదీసి నాలుకపై రాచుట, నాలుక క్రింది నరమును కోయించుట వంటి ఉపాయములే మిగిలినవి. గలగల మాటాడు పిల్లను చూచి, దీనికి వస ఎక్కువ పోసినారని నేటికిని నవ్వుకొందుము. ఆ నవ్వులో దోషము లేదు. వినబడని బిడ్డకు వస నాకించుచు, నేడు వచ్చును రేపు వచ్చును అని రెండు మూడేండ్లు గడపుటయే దోషము.

పాశ్చాత్య దేశములలో

ఐరోపాలో ఈ విచారము వైద్యులకంటె ముందు ఉపాధ్యాయులతో బలపడినది. పదునాఱవ శతాబ్దమున స్పెయిన్ దేశములో పేద్రో పోన్సే అను సన్న్యాసి పుట్టుచెవిటివారైన ప్రభుకుమారులకు వ్రాతయు మాటయు నేర్పెను. చెవిటివానికి విద్య అబ్బదను నమ్మకము దానితో సడలినది. పదునెనిమిదవ శతాబ్దమున పారిస్ నగరమున అబ్బే ద లెపే అను మతాచార్యుడు బీదపిల్లలకు చేతిసంజ్ఞలద్వారా చదువు చెప్పు పాఠశాలను నడపెను. 1778లో జర్మనీ దేశపు లైప్జిగ్ నగరమున శామ్యూల్ హైనికే నోటిమాటయే నేర్పవలయునను సిద్ధాంతముతో వేఱొక పాఠశాలను స్థాపించెను. ఈ రెండు మార్గముల నడుమ నూఱేండ్లు వాదము సాగినది.

1880లో మిలాన్ నగరమున కూడిన ఉపాధ్యాయ మహాసభ నోటిమాటకే పట్టము గట్టి, సంజ్ఞలను పాఠశాలలనుండి వెడలగొట్టినది. ఆ సభవారు పిల్లలకు కీడు తలపెట్టినవారు కారు. మేలు చేయుచున్నామనియే వారి విశ్వాసము. కాని దాని ఫలముగా ఎన్నో తరముల చెవిటిపిల్లలు తమకు సహజముగా అబ్బు భాషను దాచుకొని పెరుగవలసివచ్చినది. 1960లో అమెరికాలో విలియం స్టోకీ అను పండితుడు సంజ్ఞాభాషకును తనదైన నిర్మాణము కలదనియు, అది సంపూర్ణమైన భాషయేయనియు చూపెను. 2010లో వాంకూవరు నగరమున జరిగిన అట్టి మహాసభయే మిలాన్ తీర్మానమునకు తన విచారమును తెలిపినది. నిపుణులు సదుద్దేశముతోనే ఒక బిడ్డనుండి వాని భాషను తీసివేయుట ఎంత హాని చేయగలదో ఈ ఉదంతము చెప్పుచున్నది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలయును. ముందు దీనితో పని కలదు.

మెదడునకును మాటకును గల సంబంధము పందొమ్మిదవ శతాబ్దమున బయలుపడినది. 1861లో పారిస్ నగరమున పాల్ బ్రోకా, "టాన్" అను ఒక్క శబ్దము తప్ప దాదాపుగా మఱేమియు పలుకజాలని రోగి మరణించిన పిదప అతని మెదడును పరీక్షించి, ఎడమ ప్రక్క ముందుభాగము చెడియున్నట్లు కనుగొనెను. 1874లో జర్మనీలో కార్ల్ వెర్నికే, మాటలు ధారాళముగా వచ్చుచునే అర్థము పొసగని, ఎదుటివారి మాట బోధపడని మఱియొక వ్యాధిని వర్ణించి, దానికి మెదడు వెనుకతట్టున వేఱొక భాగము కారణమని చూపెను. మన వాడుకలో మాట పడిపోవుట అని ఒక్క పేరుతో పిలుచునది ఒక్క వ్యాధి కాదని వీరివలన తెలిసినది.

వినికిడిని కొలుచు సాధనములు ముఖ్యముగా ఇరువదవ శతాబ్దమున అభివృద్ధి చెందినవి. రెండవ ప్రపంచయుద్ధమున ఫిరంగుల మ్రోతకు చెవులు చెడిన సైనికులకు చికిత్స అవసరమగుటతో శ్రవణశాస్త్రము ప్రత్యేకశాఖగా నిలద్రొక్కుకొన్నది. లోచెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనియుండు కోక్లియా అను అవయవమునందు ధ్వని అలయై ఎట్లు సాగునో కనుగొనినందులకు గేయార్గ్ ఫాన్ బెకేషి 1961లో నోబెల్ బహుమానమును పొందెను. 1978లో లండను నగరమున డేవిడ్ కెంప్, ఆరోగ్యముగానున్న లోచెవి తానే మిక్కిలి సన్నని ధ్వనిని బయటికి పంపునని వెల్లడించెను. పసిబిడ్డ నిద్రించుచుండగనే రెండు నిమిషములలో చెవిని పరీక్షించు నేటి పద్ధతికి ఈ విషయమే మూలము.

మన దేశమున

భారతదేశమున ఈ కృషి బధిర పాఠశాలలతో ప్రారంభమైనది. 1880ల దశకమున బొంబాయిలోను, 1893లో కలకత్తాలోను అట్టి పాఠశాలలు వెలసినవి. పరిశోధనకును, నిపుణుల శిక్షణకును జాతీయసంస్థ మాత్రము స్వాతంత్ర్యానంతరమే ఏర్పడినది. 1965వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన కేంద్రప్రభుత్వము మైసూరు నగరమున ఒక సంస్థను స్థాపించెను. అమెరికాలోని విచిటా నగరమున ఇట్టి సంస్థను నడపిన మార్టిన్ పామర్ దాని ఆరంభమునకు తోడ్పడెను. 1966 జూలై 25వ తేదీన నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు ప్రధాన భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆ సంవత్సరమే అది అఖిల భారత వాక్శ్రవణ సంస్థ అను నామముతో స్వయంప్రతిపత్తిని పొందినది. రాధాకృష్ణ పండితుడు తిరుత్తణిలో, అనగా తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించి, మైసూరు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయమును నడపినవాడు. మాటను గుఱించిన సంస్థకు పెక్కు భాషల నడుమ మెలగిన మహనీయుడు శంకుస్థాపన చేయుట ఎంతయు తగియున్నది.

అదే మానసగంగోత్రి ప్రాంతమున 1969లో భారతీయ భాషల కేంద్రసంస్థ నెలకొన్నది. దానికి తొలి సంచాలకుడైన దేవీప్రసన్న పట్నాయక్ ఒడిషా దేశీయుడు. పెక్కు భాషలుండుట ఈ దేశమునకు భారము కాదనియు, బిడ్డ చదువు మాతృభాషతో మొదలు కావలయుననియు ఆయన జీవితాంతము వాదించిన పండితుడు. 1983లో బొంబాయిలో శ్రవణలోపము గలవారికొఱకు స్థాపింపబడిన జాతీయసంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టబడినది. ఆయన హైదరాబాదువాడు, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా ఉండి, మహారాష్ట్రమునకు గవర్నరై, ఆ పదవిలోనే 1976లో దివంగతుడయ్యెను. ఆ సంస్థకు సికిందరాబాదులో ప్రాంతీయశాఖ కలదు. ఇట్లు ఈ శాస్త్రపు భారతీయచరిత్రలో మైసూరు, బొంబాయి, ఒడిషా, హైదరాబాదులు ఒక్క త్రాటిపై నిలిచినవి. ఇవియన్నియు మనవారు వసించు తావులే.

శిశువు ఏమి వినును?

పరిశోధకులు కనుగొనిన విషయములలో మిక్కిలి ఆశ్చర్యకరమైనది పసిబిడ్డ వినికిడిని గుఱించినది. మన ట-కారమునకును త-కారమునకును గల భేదము ఆంగ్లేయుల చెవికి తెలియదని అందఱమును ఎఱుగుదుము. కెనడా దేశమున జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను పరిశోధకులు ఇట్టి హిందీ ధ్వనులను ఆంగ్లకుటుంబముల శిశువులకు వినిపించి చూచిరి. ఆఱునెలల శిశువు ఆ భేదమును చక్కగా గుర్తించెను. ఏడాది నిండవచ్చుసరికి ఆ శక్తి సన్నగిల్లెను. 1984లో ప్రకటితమైన ఈ పరిశోధనవలన తేలినదేమన, శిశువు లోకములోని ఏ భాషనైనను అందుకొనగల చెవితో పుట్టును. తన చుట్టును వినబడు ధ్వనులను మొదటి సంవత్సరముననే పదిలపఱచుకొని, వినబడనివానిని విడిచిపెట్టును. ఇక మాట అమ్మ, అత్త, తాత, పాప అను పెదవుల, దంతముల ధ్వనులతో ముందు వచ్చును. రేఫము వంటివి ఆలస్యముగా వచ్చును. అందుచేతనే మూడేండ్లవాడు రాముని లాముడనును. అది రోగము కాదు.

దీనినుండి రెండు సంగతులు తేటపడుచున్నవి. మొదటిది, చెవి వినని బిడ్డకు ఆ తొలి సంవత్సరము చేజాఱినచో దానిని తిరిగి సంపాదించుట కష్టము. ఆఱునెలల లోపల వినికిడిలోపమును కనుగొని సాయము చేసిన పిల్లలు, ఆ తరువాత కనుగొనబడిన పిల్లలకంటె భాషలో చాల ముందుందురని 1998లో అమెరికాలో నిరూపితమైనది. అందుచేతనే మొదటి నెలలో పరీక్ష, మూడవ నెలకు నిర్ధారణ, ఆఱవ నెలకు చికిత్స అను నియమము వైద్యలోకమున ఏర్పడినది. వినికిడి యంత్రము, లోచెవిలో అమర్చు కోక్లియర్ ఇంప్లాంటు, సంజ్ఞాభాష అను మార్గములలో ఏది తగునో నిపుణులు చెప్పుదురు గాని, వారియొద్దకు బిడ్డను సకాలమున చేర్చవలసినది మనమే. రెండవది, ఇంట తెలుగు వినబడుటకు తగిన కాలము ఆ తొలిదినములే. బిడ్డ పెద్దవాడైన పిదప నేర్పుదమని వాయిదా వేయుట, విత్తనము చల్లు కార్తెను విడిచి కోతకాలమున పొలమునకు పోవుటవంటిది.

రెండు భాషల బిడ్డ

ఇక మనకు ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. కోలారు, బళ్ళారి సీమలలోను, హోసూరు, కోయంబత్తూరు, మధుర ప్రాంతములలోను, బరంపురము, పర్లాకిమిడిలలోను, షోలాపురమునందును మనబిడ్డ ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మఱియొక భాష వినును. వానికి మాట కొంచెము ఆలస్యమైనచో బంధువులును, ఉపాధ్యాయులును, ఒక్కొక్కప్పుడు వైద్యులును సయితము, "ఇన్ని భాషలవలన పిల్లవాడు తికమకపడుచున్నాడు, ఇంట తెలుగు మానివేయుడు" అని సలహా యిచ్చుట కలదు. తల్లిదండ్రులు భయపడి మానివేయుదురు. తాత, అమ్మమ్మ ఆ బిడ్డతో మాటాడుటకు మాటలు వెదకుకొందురు. ఒక తరములో ఇంటి భాష వంటింటికి పరిమితమై, మఱుసటి తరమున అక్కడను మిగులదు.

ఈ సలహాకు మూలము ఏది? 1923లో డి. జె. సేర్ అను పరిశోధకుడు వేల్సు దేశపు పిల్లలను పరీక్షించి, రెండు భాషల పిల్లలు తెలివిలో వెనుకబడుదురని వ్రాసెను. అట్టి పరీక్షలు మఱికొన్ని వెలువడి, ఆ అభిప్రాయము నలుబది యేండ్లు రాజ్యమేలినది. 1962లో కెనడాలోని మాంట్రియల్ నగరమున ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అనువారు, వెనుకటి పరీక్షలలో కుటుంబముల ఆర్థికస్థితి మొదలగువానిని సరిపోల్చలేదని గుర్తించి, ఆ లోపమును సవరించి పరీక్షింపగా ఫలితము తలక్రిందులైనది. రెండు భాషల పిల్లలే మెఱుగుగా కనబడిరి. తరువాతి పరిశోధనలు ఆ మెఱుగు ఎంత అనుదానిపై భేదించినను, రెండు భాషలు వాగ్దోషమును కలిగింపవను విషయమున ఏకీభవించుచున్నవి. నిజమైన భాషాలోపముగల బిడ్డకు అది రెండు భాషలలోను కనబడును. ఒక్క భాషలోనే కొఱత కనబడినచో ఆ భాష వానికి చాలినంత వినబడలేదని అర్థము. రెండు భాషల మాటలు కలిపి పలుకుటయు నేర్చుకొను దశలో సహజమే.

కనుక మాట ఆలస్యమైన బిడ్డకు ముందు చేయవలసినది వినికిడి పరీక్ష. తెలుగు మాన్పించుట కాదు. ఇట్లు మాన్పించుట రెండు విధముల చెఱుపు. అసలు కారణము మఱుగున పడును. బిడ్డకు మిగిలియున్న ఇంటి సంభాషణయు తఱుగును. మిలాన్ సభవారి పొరపాటు ఇదియే.

ఇందు మఱియొక సూక్ష్మము కలదు. బిడ్డను పరీక్షించు నిపుణుడు వానికి తెలిసిన తెలుగులో పరీక్షింపవలయును. మధుర తెలుగు వేఱు, బరంపురపు తెలుగు వేఱు, షోలాపురపు తెలుగు వేఱు. మహాప్రాణములను ఒత్తి పలుకకపోయినంతమాత్రమున, లేక పొరుగు భాషామాట ఒకటి కలిపినంతమాత్రమున దానిని దోషముగా లెక్కింపరాదు. మాండలికభేదము వ్యాధి కాదు.

హైదరాబాదు పరిశోధన

బాల్యమున మాత్రమే గాక వార్ధక్యమునను రెండు భాషలు ఉపకరించునని చూపిన ప్రసిద్ధ పరిశోధనలలో ఒకటి మన తెలుగుగడ్డమీదనే జరిగినది. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో అల్లాడి సువర్ణ నాయకత్వమున, ఎడింబరో నగరపు థామస్ బాక్, ఉస్మానియా విశ్వవిద్యాలయ పండితురాలు దుగ్గిరాల వసంత మొదలగువారు కలిసి, మతిమఱుపు వ్యాధికి లోనైన 648 మంది రోగులను పరిశీలించిరి. 2013లో ప్రకటితమైన ఫలితము ప్రకారము, ఒక్క భాష మాత్రమే తెలిసినవారికి సగటున 61 ఏండ్లకు వ్యాధిలక్షణములు మొదలుకాగా, రెండు లేక అంతకంటె ఎక్కువ భాషలు తెలిసినవారికి 65 ఏండ్లు దాటినపిదప మొదలైనవి. భేదము నాలుగున్నర యేండ్లు. చదువురానివారిలోను ఈ భేదము కనబడుట విశేషము. బడిచదువువలన గాక, వీధిలో, సంతలో, ఇంట నిత్యము రెండు భాషలు వాడుటవలన కలిగిన లాభమని పరిశోధకుల అభిప్రాయము.

ఆ బృందమే 2016లో పక్షవాతము వచ్చిన 608 మందిని గుఱించి ప్రకటించిన వ్యాసమున, రెండు భాషలవారిలో నూటికి 40 మందికి బుద్ధిశక్తి చెక్కుచెదరక నిలువగా, ఒక్క భాషవారిలో నూటికి 20 మందికి మాత్రమే నిలిచినట్లు చూపబడినది. ఇట్టి పరిశోధనలలో కార్యకారణములను తేల్చుట సులభము కాదు. ఇతర దేశములలో భిన్నఫలితములును వచ్చినవి. అయినను మనము లోపముగా భావించి దాచుకొనునది మేలు కావచ్చునని తెలియుటయే గొప్ప ధైర్యము.

పక్షవాతమున మాట పడిపోయిన పెద్దలకు ఏ భాష ముందు తిరిగివచ్చును? 1881లో రిబో అను ఫ్రెంచి పండితుడు మొదట నేర్చిన భాషయేయని ఊహించెను. 1895లో పీత్రె అను మఱియొక ఫ్రెంచి వైద్యుడు, వ్యాధికి ముందు ఎక్కువ వాడుచుండిన భాషయనెను. ఈ రెండు నియమములును ఎల్లవారికిని వర్తింపవని తరువాతివారు చూచిరి. కావున రోగికి తెలిసిన అన్ని భాషలలోను పరీక్షించి, దేనిలో మాట కదలునో దానిని ఆధారముగా చికిత్స చేయుట ఉచితము. ఆసుపత్రిలో కన్నడమునకో, తమిళమునకో, మరాఠీకో బదులు పలుకని తాతగారు తెలుగులో పలుకరింపగా కన్ను తెఱచి చూడవచ్చును. అప్పుడు ప్రక్కన తెలుగు మాటాడగల మనుమడు లేకపోయినచో ఎంత విచారము!

మేనరికము మాట

మనలో మేనరికములు, మేనమామ సంబంధములు తఱచు. ఆంధ్ర, తమిళ, కర్ణాటక రాష్ట్రములలో నేటికిని వివాహములలో సుమారు నాలుగింట ఒక వంతు దగ్గరి చుట్టఱికములని 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే తెలుపుచున్నది. పరాయి సీమలో సంబంధములు దొరకుట కష్టమని మనవారు ఈ ఆచారమును మఱింత గట్టిగా పట్టుకొనుట సహజమే. కాని పుట్టుచెవుడు చాల కుటుంబములలో తల్లిదండ్రు లిరువురినుండియు ఒకే లోపముగల జన్యువు సంక్రమించుటవలన కలుగును. కనెక్సిన్ 26 అను పదార్థమును నిర్మించు జన్యువులోని ఒక మార్పు భారతీయులలో ఇందుకు ముఖ్యకారణముగా కనబడినది. దంపతులు ఒకే వంశమువారైనచో ఆ లోపము ఇరువైపులను ఉండు అవకాశము హెచ్చు. ఎవరిని నిందించుటకును ఈ మాట చెప్పుట లేదు. వంశమున పుట్టుచెవుడు ఉన్నచో సంబంధము కుదుర్చుకొనుటకు ముందు వైద్యసలహా పొందుట వివేకము. అట్టి ఇంట పుట్టిన బిడ్డకు తొలినెలలోనే పరీక్ష చేయించుట కర్తవ్యము.

ముగింపు

మన సంఘములు ఉగాది పండుగలు, నాటకములు, సాహిత్యసభలు శ్రద్ధతో జరుపుచున్నవి. వానితోపాటు ఈ విషయమునను కొంత చేయవచ్చును. ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచిన తిరిగిచూడని బిడ్డను, రెండేండ్లు నిండినను రెండు మాటలు కూర్చలేని బిడ్డను వెంటనే నిపుణులకు చూపవలయునని ప్రతి తల్లికిని చెప్పవచ్చును. వాక్చికిత్సను చదువుచున్న మన యువతీయువకులు తెలుగులో పరీక్షించుటకు ముందుకు వచ్చునట్లు ప్రోత్సహింపవచ్చును. వాక్కు దెబ్బతిన్న పెద్దలయొద్దకు వారమునకొక గంట తెలుగు మాటాడుటకు ఒక మనుష్యుని పంపవచ్చును. వీనికి ధనము అంతగా అక్కఱలేదు.

భాష పుస్తకములలో నిలుచునని మనము తలంతుము. శాస్త్రము చెప్పునది వేఱు. భాష మొదట చెవిలో నిలుచును. ఆ చెవి ఒక పసిబిడ్డది. ఆ చెవి వినుచున్నదా అని చూచుటయు, వినుచున్నచో దానికి తెలుగు వినిపించుటయు ఇంటి పెద్దల చేతిలోని పని.